తిండి, కండ, కట్టు: మన ప్రాంతపు వ్యాయామ చరిత్రలో కొన్ని పుటలు



ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు అడగడానికి వచ్చినప్పుడు నేను మంచం మీద, కాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని పడుకుని ఉన్నాను. కారణం చెబితే నవ్వుతారు. నడక ఆరోగ్యానికి మంచిదని పదిమందికి చెప్పే నేనే, తెల్లవారుజామున నడుస్తూ గుంతలో అడుగు వేసి చీలమండ బెణికించుకున్నాను. ఇంటికి వచ్చి, చిన్ననాటి అలవాటు కొద్దీ వేణ్ణీళ్ల కాపడం పెట్టించుకున్నాను. ఆపైన నువ్వుల నూనె రాయించి గట్టిగా తోమించాను. సాయంత్రానికి పాదం బూరెలాగా పొంగింది. ఆ వాపు చూసి భయపడి మూడు వారాలు మంచం దిగలేదు. దిగి చూసుకుంటే ఆ కాలి పిక్క రెండో కాలి పిక్కలో ముప్పాతిక వంతు కూడా లేదు. ఒక్క బెణుకు, మూడు తప్పులు. అవి తప్పులని తరువాత డాక్టరు గారు చెబితే గాని నాకు తెలియలేదు.

అదే రోజుల్లో మా మనవడు సెలవులకు వచ్చాడు. వాడి సంచిలో ఒక పెద్ద డబ్బా కనిపించింది. "ఏందిరా ఇది?" అని అడిగాను. "క్రియాటిన్ తాతా, జిమ్ముకు పోయేవాళ్లు వాడతారు. అంతా అమెరికా వాళ్లు కనిపెట్టిందే" అన్నాడు. ఆ మాట నిజమా అని పుస్తకాలు తిరగేశాను. తీరిక ఎటూ ఉంది, కాలు ఎటూ కదలదు. అలా తిరగేసినప్పుడు తెలిసిన సంగతులే ఈ వ్యాసం. నేను డాక్టరును కాను, ముప్పై నాలుగేళ్లు లెడ్జర్లు రాసినవాణ్ణి. ఇందులో లెక్క తప్పకుండా చూసుకున్నాను. వైద్యం మాత్రం మీ డాక్టరు గారిదే.

గరిడీ రోజులు

వ్యాయామం మనకు కొత్త కాదు. మన పల్లెల్లో గరిడీలు, తాలింఖానాలు ఉండేవి. దండీలు, బస్కీలు తీయడం, కర్రసాము, కుస్తీ అక్కడే నేర్చేవారు. అంతకంటే చాలా ముందే సుశ్రుతసంహితలో వ్యాయామం గురించి వివరంగా చెప్పి, ఒక హద్దు కూడా పెట్టారు. మనిషి తనకున్న బలంలో సగం మేరకే కసరత్తు చేయాలని, నొసట చెమట పట్టి నోటితో ఊపిరి తీసుకునే స్థితి వస్తే అక్కడ ఆపాలని దాని సారాంశం. వయసు, బలం, దేశం, కాలం, తినే తిండి చూసుకుని వ్యాయామం చేయాలని కూడా ఉంది. వాకింగు చేస్తూ పక్కవాడితో పందెం వేసుకునే మన మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గరిడీల కాలం నుంచి వచ్చిన మహాబలుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు. 1882లో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేశారు. తరువాత సర్కసు కంపెనీ పెట్టి దేశదేశాలు తిరిగారు. గుండె మీద ఏనుగును ఎక్కించుకోవడం, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచడం ఆయన ప్రదర్శనలు. లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి మెప్పు పొందారు. 'కలియుగ భీముడు' అనే బిరుదు మన తాతల నోట మనం విన్నదే.

ఆయన జీవితంలో రెండు సంగతులు మన విషయానికి సంబంధించినవి. మొదటిది, ఆయన శాకాహారి. కండ పెరగాలంటే మాంసమే కావాలని వాదించేవారికి ఆయన ఒక్కరే చాలిన జవాబు. రెండవది కొంచెం బాధాకరం. చివరి రోజుల్లో కాలి మీద రాచపుండు లేచి, ముదిరి, కాలే తీసేయవలసి వచ్చింది. ఆ శస్త్రచికిత్సకు మత్తుమందు వద్దని, ప్రాణాయామంతో నిబ్బరంగా ఉండిపోయారని చెప్పుకుంటారు. 1942లో ఒరిస్సాలోని బలంగీరులో కన్నుమూశారు. ఏనుగును మోసిన దేహం ఒక పుండుకు లొంగిపోయింది. పెన్సిలిన్ అప్పటికి మన ఆసుపత్రులకు చేరలేదు. ఈనాడు మందులున్నాయి. అయినా చక్కెర వ్యాధి ఉన్న మన మిత్రులు పాదం మీద పుండును 'అదే మానుతుందిలే' అని వదిలేస్తూనే ఉన్నారు. నడిచే మనిషికి పాదమే ఆస్తి. రాత్రి పడుకోబోయే ముందు రెండు పాదాలూ, వేళ్ల సందులూ చూసుకోవడం మందు బిళ్ల వేసుకోవడమంత ముఖ్యం.

ఎలుకలు చెప్పిన తీర్పు

బడుల్లో డ్రిల్లు మాస్టరు అనే ఉద్యోగానికి ఊపు వచ్చింది 1920 తరువాత. ఆ సంవత్సరం హ్యారీ క్రో బక్ అనే అమెరికా దేశస్థుడు మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించాడు. మన జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు రాజధానిలోనివే కాబట్టి మన బడులకూ అక్కడ చదివినవారు వచ్చారు. పిల్లల చేత మాస్టర్లు కసరత్తు చేయించారు, బాగానే ఉంది. ఆ పిల్లలు ఇంటి దగ్గర ఏమి తింటున్నారన్న ప్రశ్న మాత్రం వేరే చోట, వేరే మనిషి వేశాడు.

ఆయన రాబర్ట్ మెకారిసన్, మిలిటరీ వైద్యశాఖ డాక్టరు. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక గదిలో బెరిబెరి వ్యాధి మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ వ్యాధి మన తెలుగువారికి బాగా తెలిసినదే. సర్కారు జిల్లాల్లో సిపాయిలు కాళ్లు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె ఆగి చనిపోతుంటే 1835లోనే మాల్కంసన్ అనే డాక్టరు దాని మీద పెద్ద గ్రంథం రాశాడు. కారణం మాత్రం చాలాకాలానికి గాని తేలలేదు. మరపట్టి తెల్లగా చేసిన పచ్చిబియ్యంలో తవుడుతో పాటు థయమిన్ అనే విటమిను కూడా పోతుంది. తమిళ సోదరులు తినే ఉప్పుడు బియ్యంలో, వడ్లు ఉడికించినప్పుడే ఆ విటమిను గింజ లోపలికి ఇంకుతుంది కాబట్టి వారికి ఆ బాధ తక్కువ. అన్నం తెల్లగా మల్లెపువ్వులా ఉండాలన్న మన మోజే మన కాళ్లు తీసిందన్నమాట.

మెకారిసన్ మరో ప్రయోగం చేశాడు. ఎలుకలను గుంపులుగా విభజించి, మన దేశంలో ఒక్కొక్క ప్రాంతం వారు తినే తిండిని ఒక్కొక్క గుంపుకు పెట్టాడు. గోధుమ రొట్టెలు, పాలు, పెరుగు, వెన్న, పప్పు, ఆకుకూరలు, అప్పుడప్పుడు కొంచెం మాంసం ఉండే సిక్కుల తిండి తిన్న ఎలుకలు బలంగా, చురుకుగా పెరిగాయి. పఠానులు, మరాఠాల తిండి తిన్నవి ఆ తరువాతి స్థానాల్లో నిలిచాయి. అన్నిటికంటే చివర, చిక్కి శల్యమై నిలిచినవి మద్రాసీ తిండి తిన్నవి. మద్రాసీ తిండి అంటే తెల్లటి అన్నం, చింతపండు పులుసు, కారం, వేలెడు కూర. మొలకొలుకులు పండించిన నెల్లూరు సీమ వారికి ఈ తీర్పు రుచించదు. తప్పు బియ్యానిది కాదు. కంచంలో అన్నమే కొండంత ఉండి, పప్పు, పాలు, ఆకుకూర చారెడే ఉండటంలోనే ఉంది తప్పు.

ఆ ఒక్క గది 1928లో పోషకాహార పరిశోధనాలయం అయింది. 1937లో దాని డైరెక్టరు ఎయిక్రాయిడ్ భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు ప్రచురించాడు. 1958లో ఆ సంస్థ హైదరాబాదుకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పెట్టుకుంది. తార్నాకలో దాని బోర్డు చూసినవారు మనలో చాలామందే ఉంటారు. మన కంచం గురించి ఈ దేశంలో ఎవరు మాట్లాడినా ఆ సంస్థ పట్టికలు తిరగేయక తప్పదు.

ఆ పట్టికల్లో ఒక అంకె చూడండి. నూరు గ్రాముల రాగుల్లో సున్నం, అంటే కాల్షియం, సుమారు 350 మిల్లీగ్రాములు. నూరు గ్రాముల తెల్ల బియ్యంలో పదికి అటూ ఇటూ. రాగి సంగటి కూలివాళ్ల తిండి అని చిన్నచూపు చూసి, పట్నం ఉద్యోగం రాగానే మనం మానేశాం. ఇప్పుడు ఎముకలు గుల్లబారాయని కాల్షియం బిళ్లలు మింగుతున్నాం. 2023లో మన రాష్ట్రంలో బడి పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. చిత్తూరు, నెల్లూరు అవ్వలకు ముందే తెలిసిన సంగతి ప్రభుత్వ ఉత్తర్వుగా తిరిగి వచ్చింది.

భీమవరం బిడ్డ చేసిన పని

ఇక మా మనవడి డబ్బా సంగతి. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్లి, హార్వర్డులో చేరారు. చేతిలో డబ్బు లేక ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ చదివారు. 1925లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి, ఒంట్లోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. అదే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి.

ఆ కొలతతో కండను పరీక్షిస్తే ఒక వింత బయటపడింది. కండ ముడుచుకునేటప్పుడు ఖర్చయి, విశ్రాంతి తీసుకునేటప్పుడు మళ్లీ కూడే భాస్వర పదార్థం ఒకటి ఉంది. దాని పేరు ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ సంగతి ప్రకటించారు. 1929లో ఏ.టి.పి. అనే మరో పదార్థాన్ని కూడా కండలో గుర్తించారు. జర్మనీలో లోమాన్ కూడా ఆ సంవత్సరమే దాన్ని వేరుగా కనుగొన్నాడు. అంతకు ముందు హిల్, మేయర్‌హాఫ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు కండ పనితీరు మీద 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. కండను నడిపించేది లాక్టిక్ ఆమ్లమేనని అప్పటి నమ్మకం. భీమవరం బిడ్డ పని ఆ నమ్మకాన్ని కదిలించింది.

మనకు అర్థమయ్యే లెక్కలో చెబుతాను. ఏ.టి.పి. అంటే జేబులోని చిల్లర. ఒకటి రెండు క్షణాలకు సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ చేతిపెట్టెలోని నోట్లు. బస్సు అందుకోవడానికి పరుగెత్తినప్పుడు ఆ కొద్ది సెకన్లు ఆదుకునేది అదే. అన్నం, సంగటి, రొట్టెల నుంచి వచ్చే పిండిపదార్థం బ్యాంకు సేవింగ్సు ఖాతా. ఒంట్లోని కొవ్వు ఫిక్సెడ్ డిపాజిట్. అది కదలాలంటే నిదానంగా, ఎక్కువసేపు నడవాలి. నిదానపు నడకకు ఎందుకు విలువ ఉందో ఇప్పుడు తెలిసింది కదా!

కాబట్టి మా వాడి డబ్బా వెనక ఒక తెలుగువాడి మేధస్సు ఉంది. ఆయన అంతటితో ఆగలేదు. లెడర్లీ కంపెనీలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం తయారీ, ఆరియోమైసిన్ వంటి మందులు వచ్చాయి. 1948లో అమెరికాలోనే మరణించారు. నోబెల్ రాలేదు. మనవడికి ఈ కథ చెబితే కాసేపు మాట్లాడలేదు. తరువాత "అయితే వాడొచ్చా తాతా?" అన్నాడు. ఆరోగ్యవంతుడైన యువకుడికి మితంగా క్రియాటిన్ వల్ల పెద్ద హాని కనిపించలేదనే పరిశోధనలు చెబుతున్నాయి. కానీ మన ఒళ్లే దాన్ని కొంత తయారు చేసుకుంటుంది. చేప, మాంసం నుంచి కొంత వస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఆ డబ్బా జోలికి పోరాదు. 2024లో జాతీయ పోషకాహార సంస్థ వెలువరించిన ఆహార సూచనల్లో, కండ పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దనే చెప్పారు. వాడికి ఆ మాటే చెప్పాను. "ముందు మీ అవ్వ చేసిన పప్పు, గుడ్డు, వేరుశనగ చిక్కీ తిను. అవి చాలకపోతే అప్పుడు చూద్దాం" అన్నాను.

పుత్తూరు కట్టు

తిండి సంగతి అయింది. ఇక దెబ్బల సంగతి. గూడూరులో ఎవరికైనా చెయ్యి విరిగిందంటే మా చిన్నప్పుడు మొదట వినిపించే మాట 'పుత్తూరుకు తీసుకుపోండి' అని. గూడూరు జంక్షన్‌లో బండి ఎక్కి, వెంకటగిరి, కాళహస్తి మీదుగా రేణిగుంట చేరి, అక్కడ బండి మారితే పుత్తూరు. బండిలో చేతికి ఉండకట్టుతో ఎవరైనా కనిపిస్తే ఎక్కడికి పోతున్నారని అడగవలసిన పని ఉండేది కాదు.

పుత్తూరు దగ్గర ఈశలాపురంలో ఈ వైద్యం 19వ శతాబ్దం చివర కేశవరాజు గారితో మొదలైంది. ఆ రోజుల్లో ఆ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. కేశవరాజు గారు వేటకు పోయి కుందేలును కొట్టి, దాన్ని ఆకుల్లో చుట్టి తెచ్చారట. ఇంటికి వచ్చి విప్పితే దెబ్బ మానిపోయి కుందేలు పారిపోయిందట. ఆ ఆకు కోసం వెదికి ఈ వైద్యం మొదలుపెట్టారని అక్కడి వారు చెప్పే కథ. కథ సంగతి ఎలా ఉన్నా పద్ధతి మాత్రం కళ్లకు కనబడేదే. విరిగిన ఎముకను చేత్తో సర్ది, ఆకు పసరు ముద్ద పట్టించి, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలతో కట్టు కడతారు. ఆ వంశం వారు తరతరాలుగా ఆ పని చేస్తూ వచ్చారు. దూర రాష్ట్రాల నుంచి కూడా జనం వచ్చారు.

దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తప్పు. ఎముకను సరిగా కూర్చి కదలకుండా ఉంచితే దానంతట అదే అతుక్కుంటుంది. అది సృష్టి ధర్మం. సుశ్రుతసంహితలో ఎముక విరుపులను పన్నెండు రకాలుగా, కీలు తప్పడాన్ని ఆరు రకాలుగా విభజించి, బద్దలతో కట్టు కట్టే పద్ధతి చెప్పారు. హాలెండు మిలిటరీ డాక్టరు మాథిసెన్ గుడ్డకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టించి కట్టు కట్టడం మొదలుపెట్టింది 1851లో. వెదురు బద్ద చేసే పనీ, సున్నపు కట్టు చేసే పనీ ఒకటే.

అయితే ఒక్క తేడా ఉంది. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-రేను కనుగొన్నాడు. అప్పటి నుంచి ఎముక ఎక్కడ, ఎలా విరిగిందో కంటితో చూసి కట్టే అవకాశం వచ్చింది. చర్మం చీలి ఎముక బయటకు వచ్చినా, కీలు లోపల విరిగినా, తుంటి, వెన్ను, తల దెబ్బతిన్నా ఏ కట్టూ చాలదు. సరాసరి ఎముకల డాక్టరు ఉన్న ఆసుపత్రికే పోవాలి. ఏ కట్టయినా సరే, కట్టించుకున్న తరువాత వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి నిమిషనిమిషానికీ పెరుగుతున్నా తెల్లవారే దాకా ఆగకూడదు. అర్ధరాత్రి అయినా కట్టు విప్పించుకోవాలి. రక్తం ఆడక కొద్ది గంటల్లోనే కండ చచ్చిపోతుంది.

ఇక్కడ ఒక మిత్రుని సంగతి చెప్పాలి. పేరు రాయను. స్నానాల గదిలో జారి పడ్డాడు. తుంటి దగ్గర నొప్పి. 'బెణికింది, అదే పోతుంది' అని పదిరోజులు నూనె తోమించుకుంటూ ఇంట్లోనే ఉన్నాడు. లేచి నిలబడలేడు, పాదం బయటి వైపుకు తిరిగి ఉంది, ఆ కాలు కొంచెం పొట్టిగా కనిపిస్తోంది. చివరకు ఎక్స్-రే తీస్తే తుంటి ఎముక విరిగి ఉంది. ఆపరేషన్ అయితే జరిగింది గాని ఆలస్యం వల్ల పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము. మళ్లీ కర్ర లేకుండా నడవలేదు. ఆ పదిరోజులు వెనక్కు రావు. పడిన పెద్దవారు ఆ కాలి మీద బరువు మోపలేకపోతే అది బెణుకు కాదు, విరుగుడే అనుకుని ఆ రోజే ఎక్స్-రే తీయించండి. కుటుంబ సభ్యులు ఈ ఒక్క వాక్యం గుర్తు పెట్టుకున్నా నేను ఈ వ్యాసం రాసిన శ్రమ ఫలించినట్లే.

ఐసు ముచ్చట

నా చీలమండ సంగతికి వస్తాను. 1978లో అమెరికా డాక్టరు గేబ్ మిర్కిన్ బెణుకులకు నాలుగు మాటల సూత్రం చెప్పాడు. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తిపెట్టడం. ప్రపంచమంతా దాన్నే పాటించింది. 2014లో ఆయనే ముందుకు వచ్చి, ఐసు ఎక్కువగా పెడితే మానడం ఆలస్యం కావచ్చని, పూర్తి విశ్రాంతి కూడా మంచిది కాదని తన మాటను తానే దిద్దుకున్నాడు. తాను చెప్పిన మాటను ముప్పై ఆరేళ్ల తరువాత తప్పని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. మన ఆఫీసుల్లో ఒక నోట్ ఫైలు మీద కూడా ఆ పని చేసినవారిని నేను అరుదుగా చూశాను.

ఇప్పుడు డాక్టర్లు చెప్పేది ఇది. బెణికిన మొదటి రెండు మూడు రోజులు ఆ భాగానికి భారం తగ్గించాలి. కాలు గుండె కంటే ఎత్తులో పెట్టాలి. సాగే గుడ్డతో మరీ బిగించకుండా కట్టాలి. నొప్పి ఎక్కువగా ఉంటే ఐసును గుడ్డలో చుట్టి పది, పదిహేను నిమిషాలు పెట్టవచ్చు. ఒట్టి ఐసు చర్మానికి తగలరాదు. ఆ మొదటి రోజుల్లో కాపడం, తోముడు పనికిరావు. లోపల చిట్లిన రక్తనాళాల నుంచి ఇంకా ఎక్కువ రక్తం కారి వాపు పెరుగుతుంది. ఆ తరువాత నొప్పి ఓర్చుకోగలిగిన మేరకు మెల్లగా కదిలించాలి, అడుగులు వేయాలి. కదలికే మందు. అంటే కాపడం నా మొదటి తప్పు, తోముడు రెండవది, మూడు వారాల మంచం మూడవది.

దెబ్బ తగిలినవాడు మళ్లీ నిలబడగలడనడానికి మన కళ్ల ముందే పుల్లెల గోపీచంద్ ఉన్నాడు. 1994లో ఆటలో మోకాలి లిగమెంటు తెగింది. ఆ తరువాత వరుసగా ఆపరేషన్లు. ఇక ఆడలేడన్నారు. ఓపికగా కండను మళ్లీ పెంచుకుని 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. ప్రకాశ్ పడుకోన్ తరువాత ఆ గెలుపు మన దేశంలో అతనిదే. గెలిచాక ఒక శీతల పానీయం ప్రకటనలో నటించమంటే, తాను తాగని పానీయాన్ని పిల్లలను తాగమని చెప్పలేనన్నాడు. అంతకు ముందు సంవత్సరం, 2000 సిడ్నీ ఒలింపిక్సులో, శ్రీకాకుళం జిల్లా ఆడపిల్ల కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. కోడి రామ్మూర్తి గారి ప్రాంతపు ఆడపడుచే!

డ్రైవరు, కండక్టరు

అరవై దాటాక మనకెందుకీ కసరత్తులు అనేవారికి మన ఉద్యోగుల కథే చెబుతాను. జెరెమీ మోరిస్ అనే డాక్టరు లండన్ బస్సు ఉద్యోగులను పరిశీలించి 1953లో ఒక సంగతి ప్రకటించాడు. రెండంతస్తుల బస్సులో రోజంతా కూర్చునే డ్రైవరుకు గుండెజబ్బు ఎక్కువ. అదే బస్సులో మెట్లు ఎక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టరుకు తక్కువ. బస్సు ఒకటే, కంపెనీ ఒకటే, తేడా మెట్లదే. ఫైళ్ల ముందు కూర్చుని రిటైరైన మనమంతా డ్రైవరు కోవలోని వాళ్లమే. మిగిలిన కాలమైనా కండక్టరు ఉద్యోగం చేద్దాం.

వారానికి 150 నిమిషాల నడకతో పాటు, మన వయసువారు వారంలో మూడు రోజులు నిలకడ కోసం కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టే దాకా నిలబడటం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం చాలు. పడకుండా కాపాడేది ఇదే. పడ్డ తరువాత చేసే వైద్యం కంటే పడకపోవడం చౌక.

మన కంచం

తిండి సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. కిలో బరువుకు రోజుకు సుమారు 0.83 గ్రాముల ప్రొటీను కావాలని మన దేశపు లెక్క. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. వ్యాయామం చేసేవారికీ, మన వయసువారికీ ఇంకొంచెం ఎక్కువ అవసరం. ఒక గుడ్డులో ఆరు గ్రాములు. నూరు గ్రాముల కందిపప్పులో ఇరవై రెండు. వేరుశనగలో ఇరవై అయిదు. రాత్రి పెరుగన్నంతో సరిపెట్టుకుని, ఉదయం రెండు ఇడ్లీలతో ముగించి, మధ్యాహ్నం ఒక్కపూటే పప్పు తినడం మన అలవాటు. మూడు పూటలా కొంచెం కొంచెం ఉంటేనే కండకు ఉపయోగం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు ఒట్టి కడుపుతో దూరం నడవకూడదు. జేబులో చిన్న బెల్లం ముక్క ఉంచుకోవడం మంచిది.

గూడూరు నిమ్మకాయల మార్కెట్టు దేశమంతటికీ తెలుసు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు పన్నెండు మంది స్కర్వీ రోగుల మీద రకరకాల మందులు ప్రయత్నించి, నారింజ, నిమ్మ తిన్నవారే లేచి తిరగడం చూశాడు. చిగుళ్లు కారే ఆ జబ్బు మనకు లేకపోవచ్చు. కానీ గాయం మానడానికీ, ఎముకను, కండను పట్టి ఉంచే తాళ్లు గట్టిపడటానికీ ఆ సి విటమిను కావాలి. ఆకుకూర, పప్పు తినేటప్పుడు నాలుగు చుక్కల నిమ్మరసం పిండుకుంటే వాటిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పొయ్యి మీద నుంచి దించిన తరువాత పిండాలి. భోజనం కాగానే కాఫీ, టీ తాగితే ఆ లాభం పోతుంది. ఎండలో నడిచి వచ్చినవారు నిమ్మకాయ నీళ్లు తాగండి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు వేసుకోవద్దు.

మైకా గనులతో, నిమ్మతోటలతో, రైలు జంక్షన్‌తో పేరు తెచ్చుకున్న మన గూడూరు 2022లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. జిల్లాల పేర్లు కాగితం మీద మారుతుంటాయి. మన ఒళ్లు మాత్రం ఎక్కడికీ బదిలీ కాదు. దాని ఖాతా చివరిదాకా మనమే రాసుకోవాలి.

నా కాలు ఇప్పుడు బాగుంది. మళ్లీ నడుస్తున్నాను. గుంతలున్న దారి మానేసి చదునైన దారి పట్టాను. మనవడు సెలవులకు వచ్చినప్పుడు వాడూ నాతో వస్తాడు. వాడు పరుగెత్తుతాడు, నేను నిదానంగా నడుస్తాను. డబ్బా సగంలోనే ఆగిపోయిందని వాళ్ల అవ్వ చెప్పింది.